ఈనె లేని ఆకు

అరిటాకు ఎలా ఉండాలో ఆరు లైన్లలో రాసి, కింద సంతకం పెట్టినదాన్ని నేను. పొడవు ఇంత ఉండాలి, వెడల్పు ఇంత ఉండాలి, రంగంతా ఒకే ఆకుపచ్చ కావాలి, అంచుల్లో చిరుగులు ఉండకూడదు, ఆకుకీ ఆకుకీ తేడా రాకూడదు, ఆరు నెలలు నిల్వ ఉండాలి. ఆ లెక్కన మా తమ్ముడి తోటలో ఒక్క ఆకు కూడా పాసవదు. ఆ మాటకొస్తే భూమ్మీద ఏ అరటిచెట్టు ఆకూ పాసవదు. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు. తట్టకపోగా, బాగా రాశానని మురిసిపోయి రెండుసార్లు చదువుకున్నాను కూడా.

పైగా నేను లంకలో పుట్టిన మనిషిని. మా ఊరికి అటూ ఇటూ గోదావరి, మధ్యలో అరటి, కొబ్బరి. కంచాలు కడిగే పని తప్పుతుందని అమ్మ మాకు రోజూ ఆకుల్లోనే అన్నం పెట్టేది. ఆకు కొస ఎడం చేతివైపు ఉండాలనీ, వడ్డించేముందు నీళ్ళు చిలకరించి తుడవాలనీ, తిన్నాక మన వైపుకి మడవాలనీ ఎవరో నేర్పగా నేర్చుకున్నవి కావు. తిన్న ఆకులన్నీ పోగేసి గేదెల దగ్గర వేసే పని నాది. ఆకు నమిలేటప్పుడు గేదె నోట్లో మెత్తని చప్పుడు, ఈనె దగ్గరికొచ్చేసరికి కరకరమని ఇంకో చప్పుడు. ఆ రెండో చప్పుడు కోసం నేను చెయ్యి కూడా కడుక్కోకుండా నిలబడేదాన్ని. అలాంటిదాన్ని, ఇంత వయసొచ్చాక, అరిటాకు విషయంలోనే పప్పులో కాలేశాను.

నేను పనిచేసే ఆఫీసు కాలువ పక్కన ఉంటుంది. రాజమండ్రిలో బస్సెక్కి ధవళేశ్వరం దాటి ఇంకొంచెం వెళ్ళాలి. పొలాలకి నీళ్ళు వదిలే వ్యవహారాలు చూసే చిన్న ఆఫీసు. అందులో నేను సూపరింటెండెంటుని. తెల్లకాగితాల దగ్గర్నుంచి పెద్ద కుర్చీ వెనక వేసే టర్కీ టవలు దాకా ఏది కొనాలన్నా నా బల్ల దాటి వెళ్ళాల్సిందే. నాకు కొంచెం నోరెక్కువని అందరికీ తెలుసు. చెయ్యి శుభ్రమని కూడా తెలుసు. ఈ రెండోది ఉంది కదా అని మొదటిదాన్ని ఎప్పుడూ అదుపులో పెట్టుకోలేదు.

కొన్నాళ్ళ కిందట పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రభుత్వ మీటింగుల్లో ప్లాస్టిక్ సీసాలు, థర్మాకోలు ప్లేట్లు, ఫ్లెక్సీలు కనబడకూడదు. ఏం కొన్నా నేలకీ నీటికీ హాని చెయ్యనివే కొనాలి. చాలామంది అలాంటివి చదివి, పంచ్ చేసి ఫైల్లో పెట్టేస్తారు. నాకు మాత్రం నిజంగానే సంతోషమేసింది. మీటింగు అయిన ప్రతిసారీ మా ప్లేట్లు గాలికి ఎగిరి కాలువలో పడేవి. దిగువన షట్టరు దగ్గర తెల్లగా పోగయ్యేవి. ఏటా రైతులొచ్చి, నీళ్ళు వదలమంటే విస్తళ్ళు వదులుతున్నారేంటండి అని మమ్మల్నే దెప్పేవారు. వాళ్ళన్నదాంట్లో తప్పేం లేదు.

మా ఆఫీసుకి పెద్దైన ఇంజనీరు, ఈఈ గారు, నెమ్మదైన మనిషి. భోజనాలకి అరిటాకులు వాడదాం సార్ అని నేనంటే ఆయన ముఖం వెలిగింది. బ్రహ్మాండంగా ఉంటుంది మేడం, ప్రొసీజరు ప్రకారం చేసెయ్యండి అన్నారు. ప్రొసీజరు అన్న మాట వింటే నాకు ఎక్కడలేని హుషారూ వస్తుంది.

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు లంకలోనే ఉండి మా తోట చూసుకుంటున్నాడు. సంగతి చెబితే, "దానికి కొనడమెందుకక్కా, పొద్దున్నే కోయించి మోపులు కట్టి బస్సుకి వేస్తాను. డబ్బులు కూడా ఏం వద్దులే" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. సూపరింటెండెంటు గారు తమ్ముడి తోట నుంచి సరుకు తెప్పించుకుందని ఎవరైనా అంటే నేను భరించలేను. ఉచితంగా తెచ్చినా సరే, ఇవాళ ఉచితం రేపు బిల్లు అనేవాళ్ళు ఉంటారు. వాడు నొచ్చుకున్నాడు. ఆకులు కూడా అవినీతేనా అని గొణిగి ఫోన్ పెట్టేశాడు.

తర్వాత రాజమండ్రి మార్కెట్లో ఆకులమ్మే ఆయన్ని అడిగాను. ఆకులు ఎన్నైనా ఇస్తానన్నాడు. జీఎస్టీ నంబరుతో బిల్లు కావాలి, సరుకు నాణ్యతకి సర్టిఫికెట్ కావాలి అంటే ఆయన కాసేపు నన్నే చూశాడు.

"ఆకుకి బిల్లేంటండి మేడం గారూ? చెట్టు నాకేమన్నా బిల్లిచ్చిందాండి?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనకి పద్ధతి తెలియదనుకుని వచ్చేశాను. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మా పెరటి చెట్టు విస్తరికి కూడా పనికిరాకుండా పోయింది.

అప్పుడు కూర్చుని రాసినవే ఆ ఆరు లైన్లు. ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైటులో వెతికితే కుప్పలు తెప్పలుగా వచ్చాయి అరిటాకులు. భూమిలో కలిసిపోయే పర్యావరణహిత అరిటాకు అని పేరు, పక్కన మెరిసిపోతున్న ఫోటో, కింద సర్టిఫికెట్. నేను రాసిన ప్రతి లైనుకీ సరిపోయాయి. సరిపోవా మరి, వాళ్ళ మెషిన్లో కొలిచి కోసినవి. అందరికన్నా తక్కువ ధర కోట్ చేసిన వాళ్ళకి ఆర్డరు ఇచ్చాను. ఏ రాష్ట్రం నుంచో లారీలో వచ్చాయి, దళసరి పాలిథిన్ కవరులో చుట్టుకుని.

కట్ట విప్పింది మా అటెండరు. ఒక ఆకు తీసి అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "ఇది కాగితమండి" అన్నాడు. "కాగితం మాత్రం చెట్టులోంచి రాదా ఏంటి?" అన్నాను నేను. అతను మారు మాట్లాడలేదు. నాతో ఎవరూ మారు మాట్లాడరు. అది నా గొప్ప అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

ఇక్కడ పాలావిడ గురించి చెప్పాలి. ఆఫీసు వెనక కాలువ గట్టు మీద ఆవిడ ఇల్లు. భర్త మా డిపార్ట్‌మెంట్‌లోనే లస్కరు, అంటే కాలువ గట్లు, షట్టర్లు కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆయన పోయాక ఆవిడ ఒక గేదెని కొనుక్కుంది. ఆ ఒక్క గేదె మీదే ఆవిడా, మంచంలో ఉన్న అత్తగారూ బతుకుతున్నారు. మా ఆఫీసు టీకి పాలు ఆవిడే పోస్తుంది. మా వాళ్ళు పాలల్లో నీళ్ళున్నాయని వేళాకోళమాడితే, నీళ్ళ ఆఫీసుకి నీళ్ళు కలపకుండా పోస్తే మర్యాదగా ఉంటుందాండి అనేది. వయసులో నాకన్నా రెండుమూడేళ్ళు చిన్నదై ఉంటుంది.

మా వైపు ఎక్కడ భోజనాలు జరిగినా తిన్న ఆకులు దగ్గర్లో పశువులున్న వాళ్ళకి వెళతాయి. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఆఫీసులో కూడా పూర్వం అంతేనట, ఆకులన్నీ ఆ గట్టు మీదికే వెళ్ళేవట. థర్మాకోలు వచ్చాక ఆగిపోయింది. మీటింగులు పెరిగాయి గానీ మా గేదెకేం మిగలట్లేదండి అని ఆవిడ నాతో ఒకటి రెండుసార్లు అంది. అందుకని ఆకుల ఆర్డరు ఇచ్చిన రోజే, మీ గేదెకి మంచి రోజులొస్తున్నాయమ్మా అని చెప్పాను. అడక్కుండానే చెప్పాను. ఒకరికి మేలు చేస్తున్నానంటే ముందుగా చాటింపు వేసుకోవడం నాకలవాటు.

మొదటి మీటింగు దాళ్వాకి, అంటే రెండో పంటకి, వదిలే నీళ్ళ గురించి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రైతులొచ్చారు. షామియానా కింద బల్లలు వేసి వరసగా ఆకులు పరిచారు. దూరం నుంచి చూస్తే కన్నుల పండుగగా ఉంది. కూర్చున్నవాళ్ళందరూ అలవాటు కొద్దీ నీళ్ళు చిలకరించి తుడిచారు. కొస ఎటుందా అని తిప్పి చూశారు. రెండు వైపులా ఒకేలా ఉంది. ఒక పెద్దాయన ఆకు మధ్యలో వేలితో రాసి చూసి, వడ్డనకి నిలబడ్డ నన్ను చూసి నవ్వారు.

"ఈ ఆకుకి ఈనె ఏదండి?"

ఈనె ఉంది. బొమ్మగా ఉంది. లేత ఆకుపచ్చ గీత ఒకటి నడిమధ్యన అచ్చువేసి ఉంది. ఇది కొత్త రకమండి, ప్రభుత్వం ఆమోదించింది అన్నాను. ఆయన సరేనమ్మా అని అన్నం కలుపుకున్నారు. తిన్నాక అందరూ ఆకులు మడిచారు. మడిచినవి మడిచినట్టు ఉండక మళ్ళీ విచ్చుకున్నాయి. కొందరు రెండోసారి మడిచి, దానిమీద గ్లాసు బరువు పెట్టి లేచారు. నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కడో కొంచెం ముల్లు గుచ్చుకున్నట్టే అయింది. కానీ అంతలోకే ఈఈ గారు ఫోటోలకి పిలిచారు.

భోజనాలయ్యాక పాలావిడ తట్ట పట్టుకుని వచ్చింది. కుప్పలోంచి ఒక ఆకు తీసి చింపబోయింది. చిరగలేదు, సాగింది.

"మేడం గారండి, ఇది ఆకులా లేదండి. సాగుతుందండి."

నలుగురిలో అలా అనేసరికి నాకు కోపమొచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైందనిపించింది.

"అన్నీ పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చిన ఆకులమ్మా ఇవి. భూమిలో కలిసిపోతాయి. భూమిలో కలిసేది గేదె కడుపులో కలవదా? పట్టుకెళ్ళు."

"మీరు చెప్పారంటే సరేనండి" అని ఆవిడ తట్టలోకి ఎత్తుకుంది. మీరు చెప్పారంటే అన్న ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. అప్పుడు మాత్రం అది నాకు రావలసిన గౌరవం అనుకున్నాను.

ఆ తర్వాత మీటింగు మీద మీటింగు జరిగింది. ప్రతిసారీ ఆవిడకి నేనే కబురు పెట్టేదాన్ని. మర్చిపోతే మళ్ళీ గుర్తుచేసి మరీ పిలిపించేదాన్ని. జిల్లా సమీక్షలో మా ఆకు భోజనాల ఫోటోలు తెర మీద వేశారు. ఈఈ గారు ఇది మా మేడం గారి ఆలోచన అని నిలబెట్టి చెప్పారు. నాకు శాలువా కప్పారు. పాలియెస్టర్ శాలువా, ప్లాస్టిక్ కవరులోంచి తీసి. అది చూసి నాకు నవ్వు కూడా రాలేదు, అంత పొంగిపోయి ఉన్నాను. మిగతా ఆఫీసుల సూపరింటెండెంట్లు నా చుట్టూ చేరి, ఆ స్పెసిఫికేషన్ కాపీ మాకూ పంపండి మేడం అన్నారు. అక్కడికక్కడే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సరుకు ఎలా ఉందని వెబ్‌సైటు వాళ్ళడిగితే ఐదు చుక్కలూ నొక్కాను.

తర్వాత ఒకరోజు ఆఫీసులో టీ రుచి మారింది. ఏంటిది అంటే, పాకెట్ పాలండి అన్నాడు అటెండరు. పాలావిడ గేదె మేత మానేసిందట, కడుపు ఉబ్బిందట, పాలు పడిపోయాయట. నేను వెంటనే గట్టు మీదికి వెళ్ళాను. చూడ్డానికి వెళ్ళానంటే సగమే నిజం. సలహా చెప్పడానికి వెళ్ళాను. గేదె తల వంచుకుని నిలబడి ఉంది, ముట్టె మీద చెమ్మ లేదు, ఎడం పక్క డొక్క తట్టితే గట్టిగా తగిలింది. వాము నీళ్ళు పట్టావా, నూనె పట్టావా, పచ్చిగడ్డి ఎక్కువ వేసి ఉంటావు అని ఆవిడ్నే నాలుగు మాటలన్నాను. ఆవిడ అన్నీ పట్టానండి అంది. ముఖం పీక్కుపోయి ఉంది. ఇది పోతే ఇంకోటి కొనే శక్తి నాకు లేదండి అంది. లోపల్నుంచి అత్తగారు, గేదె లేచి నిలబడిందా అని అడుగుతోంది. అది పడుకుందే లేదు. నాకు అప్పటికీ తట్టలేదు. ఒక్కో మనిషికి ఎంత చదువున్నా తట్టవలసింది తట్టవలసిన వేళకి తట్టదు.

మర్నాడు పశువుల డాక్టరు గారు వస్తున్నారని తెలిసి, మధ్యాహ్నం భోజనం మాని మళ్ళీ వెళ్ళాను. చిన్న వయసాయన. గేదెని రాటకి కట్టించి, మత్తు సూది పొడిచి, నిలబడి ఉండగానే డొక్క దగ్గర కోశారు. భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పెట్టారు. పాలావిడ గేదె మెడ పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది, పిల్లతో చెప్పినట్టు. డాక్టరు గారు చెయ్యి బయటికి తీసి, ఉండ చుట్టుకుపోయినదేదో బకెట్లో వేశారు. మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు. అలా తీస్తూనే ఉన్నారు. తర్వాత నీళ్ళు పోసి ఒక ఉండ విప్పి చూశారు. కాగితం పీచుపీచుగా పోయింది. దాని మీద పూసిన ప్లాస్టిక్ పొర మాత్రం మిగిలింది. దానికి అక్కడక్కడ ఆకుపచ్చ ఇంకా అంటుకుని ఉంది. ఒక ముక్క మీద ఆ లేత గీత, అచ్చువేసిన ఈనె, కనబడింది.

"ఏ పెళ్ళివమ్మా ఇవి?" అన్నారాయన.

పాలావిడ నా వైపు చూడలేదు. గేదె మెడ మీంచి చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

"పెళ్ళివి కాదండి. గవర్నమెంటువి."

తలెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆ గవర్నమెంటు నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఊరందరి మీదా లేచే నోరు ఆ ఒక్క చోట లేవలేదు. ఆయన నన్నెవరో చుట్టమనుకుని, ఆ బకెట్టు కొంచెం పక్కకి జరుపుతారాండి అన్నారు. జరిపాను. చాలా బరువుగా ఉంది.

గేదె బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇది రాయడానికి కూడా నాకు ధైర్యం చాలదు. బతికింది గానీ వట్టిపోయింది. మళ్ళీ ఈని పాలిచ్చేదాకా ఆవిడకి ఆదాయం లేదు. నేను తవుడు బస్తా పట్టుకెళ్ళి ఇచ్చాను, మందుల ఖర్చులు నేను పెట్టుకున్నాను. ఆవిడ వద్దనలేదు, సంతోషమూ అనలేదు. తీసుకుంటే నా మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

కుట్లు పడ్డ రెండోరోజో మూడోరోజో, ఆఫీసు తెరిచేవేళకి ఆవిడ వచ్చింది. చేతిలో ఆ బకెట్టు. వరండాలో నా గది ఎదురుగా దింపింది. అందులోవి కాలువ నీళ్ళతో కడిగి, పిండి, ఒబ్బిడిగా పేర్చుకుని తెచ్చింది. అందరూ కుర్చీల్లోంచి లేచి వచ్చారు. ఈఈ గారు కూడా గుమ్మం దాకా వచ్చారు. ఏంటమ్మా ఇది అని నేనే అడిగాను. అడగకపోయినా బాగుండేది.

"మీ ఆకులేనండి. భూమిలో కలిసేది గేదె కడుపులో కలవదా అన్నారు కదండి. కలవలేదండి." ఆవిడ గొంతు పెంచలేదు. "ఎక్కడ పారెయ్యాలో చెప్పండి మేడం గారూ. గట్టు మీద వేస్తే ఇంకోళ్ళ గేదె తింటుంది. కాలువలో వేస్తే మీరే తిడతారు. కాలిస్తే మా అత్తకి పొగ పడదండి. అందుకని మీ దగ్గరికే తెచ్చాను."

ఉత్తర్వులో ఏం కొనాలో ఉంది, ఏం కొనకూడదో ఉంది. కొన్నది గేదె కడుపులోంచి తిరిగొస్తే ఏం చెయ్యాలో లేదు. అందరూ నా వంక చూస్తున్నారు. ఆవిడ తిట్టినా బాగుండేది, నేనూ ఒక మాట అని ఉందును. ఆవిడ నిజంగానే అడుగుతోంది. కాసేపు చూసి, బకెట్టు తర్వాత పంపించండి, నాకు పనుంది అని వెళ్ళిపోయింది.

ఈఈ గారు గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. "మీరు బాధపడకండి మేడం. సర్టిఫికెట్ ఉంది కదా, మన తప్పేం లేదు. దీని గురించి ఎక్కడా రాతపూర్వకంగా పెట్టకండి చాలు" అన్నారు. మంచికే చెప్పారు. నా తప్పు లేదని చూపించే కాగితాలన్నీ నిజంగానే నా దగ్గరున్నాయి. ఆడిట్‌కి ఎవరొచ్చినా ఒక్క ప్రశ్న వెయ్యలేరు. ఆ కాగితాలు తల్చుకుంటేనే నాకు మరీ సిగ్గుగా ఉంది. అవన్నీ నా చెయ్యి శుభ్రంగా ఉండడానికి కూర్చినవి. గేదె కోసం కూర్చినవి కావు, నేల కోసం కూర్చినవీ కావు.

ఆయన వద్దన్నా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నేను పంపిన స్పెసిఫికేషన్ తప్పు, దాని ప్రకారం కొంటే ప్లాస్టిక్ పూసిన కాగితం వస్తుంది, దయచేసి వాడకండి, ఇక్కడ ఒక గేదె చావు తప్పించుకుంది అని రాశాను. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకాయన దండం బొమ్మ పెట్టారు. తర్వాత వారం తిరక్కుండా వేరే ఆఫీసు వాళ్ళ కొనుగోలు ప్రకటనలో నా ఆరు లైన్లూ కామాలతో సహా కనబడ్డాయి. ఫోన్ చేసి చెప్పాను. ఆర్డరు వెళ్ళిపోయింది మేడం, వచ్చేసారి చూద్దాం అన్నారు. ఆ ఆఫీసు చుట్టూ కూడా ఎవరికో గేదెలుంటాయి. వెబ్‌సైటులో నేనిచ్చిన ఐదు చుక్కలు తగ్గిద్దామని చూశాను గానీ ఎక్కడ నొక్కాలో దొరకలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. "అక్కా, నీకు గేదె ఆకు తింటే వచ్చే చప్పుడు తెలుసు కదే" అన్నాడు. తెలుసు. అందుకే ఏడుపొచ్చింది. ఆఫీసులో పాతికేళ్ళుగా ఎవరేమన్నా రాని ఏడుపు, వాడు ఆ మాటనేసరికి ఆగలేదు.

ఈసారి స్పెసిఫికేషన్ ఒక్క లైనే రాశాను. చెట్టు నుంచి ఆ పొద్దున కోసిన అరిటాకు అని. సైజు రాయలేదు. చిరుగుల సంగతి రాయలేదు. బిల్లు కోసం పక్క ఊళ్ళో డ్వాక్రా సంఘం వాళ్ళని పట్టుకున్నాను. వాళ్ళు రైతుల దగ్గర ఆకులు కొని, మాకిచ్చి, బిల్లు కూడా ఇస్తారు. అలాంటి దారి ఒకటుందని మొదట్లోనే ఎవరో అన్నట్టు గుర్తు. నేనే అంత సేపు కూర్చుని వినలేదు. ఈఈ గారు సంతకం పెడుతూ, ఇంత తేలికా మేడం అన్నారు.

ఆ మీటింగుకి వచ్చిన ఆకులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సగానికి అంచులు గాలికి చిరిగి ఉన్నాయి. ఈనె లావుగా ఉన్నచోట చారు ఒక పక్కకి పారి బల్ల మీద కారింది. ఎవరూ ఏమీ అనలేదు. తిన్నాక మడిస్తే మడిచినట్టే ఉన్నాయి. నేను ఒక మూల కూర్చుని తిన్నాను గానీ ఏం తిన్నానో తెలియలేదు. ఎప్పుడవుతుందా, ఎప్పుడు గట్టు మీదికి వెళదామా అని చూస్తున్నాను.

ఈసారి ఆవిడకి కబురు పెట్టలేదు. పిలవడానికి ముఖం చెల్లలేదు. అటెండరు నేను తీసుకెళతానండి అన్నా ఇవ్వకుండా, కొంగు దోపుకుని తట్ట నేనే ఎత్తుకున్నాను. దారిలో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఇవి నిజం ఆకులమ్మా, మా గోదావరి ఆకులే, నేను కూడా ఇందులోనే తిన్నాను అని.

పాలావిడ పాకలో పేడ తీస్తోంది. గేదె డొక్క మీద కుట్ల గీత మానింది గానీ అక్కడ వెంట్రుకలు ఇంకా రాలేదు. తట్ట దింపాను. ఆకుల వాసనకి గేదె చెవులు కదిలించి మెడ చాచింది. నేను తెచ్చినవని దానికేం తెలుసు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. రండి మేడం గారూ, కూర్చోండి అని పీట వేసింది. మర్యాదకి ఎక్కడా లోటు చెయ్యలేదు.

తర్వాత తట్ట ముందు గొంతుక్కూర్చుంది. గేదె ముట్టెని ఒక మోచేత్తో వెనక్కి నెట్టి, పై ఆకు తీసింది. దాన్ని అడ్డంగా పట్టుకుని చింపింది. పరపరమని చిరిగింది. అప్పుడు గేదెకి అందించింది. రెండో ఆకు తీసింది. అదీ చింపి చూసి అందించింది. ఆవిడ నన్ను సాధించాలని చెయ్యట్లేదు, నేను అక్కడున్న సంగతి కూడా పట్టించుకోవట్లేదు. అదొక పనిలా, పేడ తీసినట్టే, నెమ్మదిగా చేసుకుపోతోంది.

గేదె ఈనె దగ్గరికొచ్చింది. కరకరమని ఆ చప్పుడు ఎన్నేళ్ళకో విన్నాను. ఆవిడ అది విని కూడా ఆగలేదు. తట్ట ఖాళీ అయ్యేదాకా నేను ఆ పీట మీదే కూర్చున్నాను. నేను తెచ్చిన ఆకుల్లో ఒక్కదాన్ని కూడా ఆవిడ చింపి చూడకుండా గేదెకి పెట్టలేదు.